వినకుండా చెప్పిన ఆమేన్

జూన్ 3

తమ్ముడూ,

నీ చేతిలో దివిటీ ఉంది సరే, అందులో నూనె ఉందా?

కంగారుపడి జవాబు రాయకు. ఈ ప్రశ్న నిన్ను కాదు, మొన్న ఆదివారం టైర్ల షాపు పైనున్న మా ప్రార్థన కూడిక గదిలో ఇరవై ఏడు కుర్చీలనూ, వాటిలో కూర్చున్న పందొమ్మిది మందినీ అడిగాను. బైబిల్లో దివిటీలు పట్టుకుని పెళ్ళికొడుకు కోసం కాచుకున్న ఆ పదిమంది కన్యకల మీద గంటా పది నిమిషాలు చెప్పాను. నూనె తెచ్చుకోని అయిదుగురినీ ఉతికి, పిండి, ఆరేసి, ఇస్త్రీ కూడా చేశాను. ఆసుపత్రి లాండ్రీలో ఇరవై ఏళ్ళు పనిచేసినదాన్ని, నా చేతిలో పడితే ఎవరికైనా అంతే.

తీరా మెట్లు దిగుతుంటే మడత పెద్దమ్మ ఆపింది. అదే, నా ఎదుటి బల్ల మీద దుప్పట్లు మడతపెట్టే ఆవిడ. "దివిటీ సంగతి బాగా చెప్పావమ్మా. అవునూ, నీ కొత్త ఫోన్లో నెట్ లేదంటగా?" అంది.

ఫోన్ సంగతి నీకు తెలుసు. ఆడ కార్మికులకు ప్రభుత్వం సబ్సిడీ మీద పావు ధరకు ఇచ్చింది, దరఖాస్తు నింపింది నువ్వే. దాంతోపాటు ఒక నెల నెట్ ఉచితంగా వచ్చింది. ఆ నెల అయిపోయింది. మాట్లాడుకునే రీఛార్జి ఉంది, నెట్ లేదు. ఇప్పుడా ఫోన్ తెల్లవారి నన్ను లేపుతుంది, కరెంటు పోతే మెట్లకు వెలుగు చూపిస్తుంది, ముందున్న కెమెరా తెరిస్తే తల దువ్వుకోవడానికి అద్దమవుతుంది. ఇంత చదువుకున్న వస్తువు చేత ఇంత చిన్న చాకిరీ చేయిస్తున్నది లోకంలో నేనొక్కదాన్నే అనుకుంటాను.

పెద్దమ్మ అలా అనేసరికి నా ఒళ్ళు మండింది. "లేదు" అని ఊరుకుంటే పోయేది. నేను ఊరుకునే మనిషినైతే ప్రసంగీకురాలిని ఎందుకవుతాను? గబగబా మళ్ళీ పైకెక్కాను. కుర్చీలు సర్దుతున్నవాళ్ళను ఆపి, "వినండి! ఈ ఫోన్ నా చేతిలో ఉంటుంది గాని నేను దాని చేతిలో ఉండను! ప్రాణమున్నంత వరకు ఇందులో నెట్ వేయించను! ఇది నా మొక్కు!" అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు. టైర్లకు గాలి కొట్టే మిషన్ కూడా అప్పుడే బుస్సుమంది.

నా మేనకోడలు గువ్వ ఎలా ఉంది? మరదలి నడుం నొప్పి తగ్గిందా?

ఆవిరి ఇస్త్రీ పొగలోంచి,
మీ అక్క


జూన్ 11

అక్కా,

నీ ఉత్తరం లిఫ్టు నెత్తిమీద కూర్చుని చదివాను. అతిశయోక్తి కాదు. నాలుగో అంతస్తుకూ అయిదో అంతస్తుకూ మధ్య పెట్టె ఇరుక్కుంటే, పైకెక్కి తీగలకు గ్రీజు రాస్తూ కాసేపు ఆగాను. లోపల ఇరుక్కున్న లాయరుగారు "ఏం చేస్తున్నావయ్యా పైన?" అని అరిచాడు. "వాక్యం వింటున్నానండీ" అన్నాను.

ఫోన్లో కాకుండా ఉత్తరాల్లో మాట్లాడుకోవడం మనకే మంచిదక్కా. ఫోన్లో నా వంతు రాదు.

ఈసారి గువ్వ గురించే రాస్తున్నాను. దానికి నత్తి పెరిగింది. బడి మారాక క్లాసులో ఎవరో వెక్కిరించారట. మాట మొదలుపెట్టడానికే భయపడుతోంది. మాట సరిచేసే మేడమ్ దగ్గరికి తీసుకెళ్తున్నాం. ఆమె ఒక పద్ధతి పెట్టింది. గువ్వ రోజుకొకసారి తనకు నచ్చిన ఒక మనిషికి ఫోన్లో మాట రికార్డు చేసి పంపాలి. ఎంతసేపు పట్టినా సరే. విన్నవాళ్ళు చివరిదాకా విని, ఆ తర్వాతే జవాబివ్వాలి. రికార్డు కాబట్టి మధ్యలో ఎవరూ అడ్డురాలేరు.

నువ్వు కోప్పడకూడదు గాని, పోయిన నెల నువ్వు ఫోన్ చేసినప్పుడు అది "నా… నా…" అంటుంటే, "నాన్న ఇంట్లో లేడా? నాలుక కాలిందా? నాటకంలో వేషమిచ్చారా?" అని వరసగా అందించావు. పాపం అది నారింజరంగు పెన్సిలు గురించి చెప్పబోయింది. ఆ తర్వాత రెండ్రోజులు ఎవరితోనూ పలకలేదు.

అయినా మేడమ్ "ఎవరికి పంపుతావు?" అని అడిగితే పలక మీద 'అత్తకు' అని రాసింది. మేం ఆశ్చర్యపోయాం. ఎందుకే అంటే, "అ… అత్త అందరికంటే ఎక్కువ మాట్లాడుతుంది. అ… అత్తే విన్నదంటే ఇంక ఎవరైనా వింటారు" అంది.

నీ మొక్కు సంగతి నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను, నెట్ వేయించుకో అక్కా. జవాబు ఉత్తరంలో రాసినా చాలు. నీ ఉత్తరాలంటే దానికి ప్రాణం, దిండు కింద పెట్టుకుంటుంది.

గ్రీజు మరకలకు క్షమించు.

తమ్ముడు


జూన్ 19

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి దుప్పటి కాల్చాను. ఆపరేషన్ గదికి వెళ్ళాల్సిన పచ్చ దుప్పటి మీద ఇస్త్రీపెట్టె అలాగే వదిలేసి నిలబడిపోయాను. సూపర్‌వైజర్ వచ్చి, "ఏమ్మా, హోమం చేస్తున్నావా?" అని అడిగాడు.

నారింజరంగు పెన్సిలు! నాకు సిగ్గేసింది.

గువ్వకు చెప్పు. మండే పొద ముందు చెప్పులు విడిచి నిలబడ్డ ఆ గొర్రెలకాపరి కూడా, నాకు నోరు తిరగదు ప్రభూ, ఇంకెవరినైనా పంపు అని బతిమాలుకున్నవాడే. రాజు ముందు నిలబడి మొత్తం జనాన్ని విడిపించుకొచ్చింది ఆ తిరగని నోరే. ఇక గడగడా మాట్లాడే ఆయన అన్న చేసిన ఘనకార్యం ఏమిటి? బంగారు దూడను పోతపోసి జనం చేత మొక్కించడం! నేను ఆ అన్న జాతిదాన్ని.

నెట్ సంగతి రాశావు. నీ మాట నేను తీసేస్తానా? ఏర్పాటు అయినట్టే అనుకో. గువ్వను పంపమను.

ఇక్కడ సంఘంలో నా మొక్కు బాగా అంటుకుంది. ఎనిమిది మంది నెట్ మానేశారు. పెద్దమ్మ ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేసింది. రాత్రి కాపలా చేసే తాతయ్య, "అమ్మా, నీవల్ల నా కళ్ళు తెరుచుకున్నాయి" అని అందరి ముందూ సాక్ష్యం చెప్పాడు. అలాంటి సాక్ష్యం నా జన్మలో ఎవరూ చెప్పలేదు తమ్ముడూ. ఆ రోజు కుర్చీలు చాలక ఇద్దరు టైర్ల మీద కూర్చున్నారు.

పని పిలుస్తోంది,
మీ అక్క


జూలై 10

అక్కా,

గువ్వ పదిహేను రోజులుగా తప్పకుండా పంపుతోంది. సాయంత్రం బడి నుంచి రాగానే వాళ్ళమ్మ ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. మమ్మల్ని రానివ్వదు. అద్దంలోంచి చూస్తే పెదాలు కష్టపడుతుంటాయి, చెయ్యి గాలిలో ఆడుతుంటుంది. అచ్చం నువ్వు ప్రసంగం చేస్తున్నట్టే ఉంటుంది. మేడమ్ సంతోషపడుతోంది.

నీ మరదలు మాత్రం, "ఏమండీ, వదినకు పంపినవాటికి ఒక్క గీతే పడుతోంది, రెండో గీత పడటం లేదు. అసలు చేరుతున్నాయా?" అంటోంది. "లాండ్రీ భూమి కింద ఉంటుంది కదా, సిగ్నల్ రాదేమో. మా అక్క ఏర్పాటు చేశానని రాసింది. ఆమె రాసిందంటే అంతే" అన్నాను. నిన్ను అనుమానించినందుకు దాన్ని కోప్పడ్డాను కూడా.

నువ్వు మాత్రం ఇంతవరకు గువ్వకు జవాబు రాయలేదు. పని ఎక్కువగా ఉందా? మొన్న సోమవారం అది నిన్నేదో అడిగిందట. ఏమిటే అంటే చెప్పదు, "అ… అత్తకు మాత్రమే" అంటుంది. రోజూ పోస్టు డబ్బా తెరిచి చూస్తోంది. విన్నావు కదా, ఒక్క ముక్క రాయక్కా.

మూడో అంతస్తు పిలుపు వచ్చింది, వెళ్తున్నాను.

తమ్ముడు


జూలై 15

తమ్ముడూ,

ఆలస్యానికి నన్ను తిట్టు, పడతాను. ఆసుపత్రిలో జ్వరాల కాలం, దుప్పట్లు కొండలా వస్తున్నాయి. గువ్వ పంపినవి చక్కగా ఉన్నాయి. గొంతు ఎంత తేటగా ఉందో! మరదలిని గీతలు లెక్కపెట్టవద్దని చెప్పు, ప్రేమకు గీతలేమిటి?

వేరే కాగితం మీద గువ్వకు జవాబు రాశాను. అంటించి పంపుతున్నాను, దాని చేతికే ఇవ్వు.

మీ అక్క


(గువ్వకు, మడతపెట్టి అంటించిన కాగితం)

గువ్వా, నా బంగారు తల్లీ,

నువ్వు అడిగింది విన్నాను. దానికి అత్త జవాబు: ఆమేన్!

నువ్వు ఏమి చేయాలనుకున్నావో అదే చెయ్యి. ధైర్యంగా చెయ్యి. మీ అమ్మ వద్దన్నా, మీ నాన్న వద్దన్నా ఆగకు. పైవాడు నీ మనసులో పెట్టిన ఆలోచన అది. అత్త నీ వైపే ఉంది.

నీ అత్త


జూలై 29

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను.

గువ్వ మాట్లాడటం మానేసింది. ఈ రోజుకు తొమ్మిది రోజులు. నత్తి కాదు, భయం కాదు, పూర్తిగా మానేసింది. నీళ్ళు కావాలన్నా పలక మీద రాస్తుంది. బడిలో టీచరు పేరు పిలిస్తే చెయ్యి ఎత్తి ఊరుకుంటుంది. వాళ్ళమ్మ కాళ్ళ మీద పడ్డంత పని చేసింది. ఎందుకమ్మా, ఎందుకే అంటే, దిండు కింది నుంచి నీ కాగితం తీసి చూపించింది. కింద తన చేత్తో రాసింది: "అత్తను అడిగాను. మానేయమంది. మీరు వద్దన్నా ఆగొద్దంది."

అది నిన్ను అడిగింది అదే అక్కా. "నేను మాట్లాడటం మానేయనా?" అని. నువ్వు ఆమేన్ అన్నావు.

ఎలా అన్నావు? తొమ్మిదేళ్ళ పిల్ల అలా అడిగితే ఎలా రాయగలిగావు? అందులో నీకేదో పరలోక మర్మం కనిపించిందా? అందరి ముందూ గంటలు గంటలు మాట్లాడేదానివి, ఒక పిల్లకు మాట వద్దనిపించిందా?

మేడమ్ చెప్పింది, ఇలా మౌనంగా గడిచిన ఒక్కో రోజూ మళ్ళీ నోరు తెరవడం కష్టం చేస్తుందట. సిమెంటు గట్టిపడినట్టు అంది. పిల్ల మాత్రం ఎవరి మాటా వినదు. నీ మాట ఒకటి ఉంది కదా దాని దగ్గర.

ఫోన్ చేయకు. ఎత్తను.

తమ్ముడు


ఆగస్టు 5

తమ్ముడూ,

ఈ ఉత్తరం చించకు. తిట్టుకుంటూనైనా చివరిదాకా చదువు, నేను ఎవరిదీ చివరిదాకా వినలేదు గనుక ఈ మాట అడిగే హక్కు నాకు లేదని తెలిసే అడుగుతున్నాను.

నేను గువ్వ మాట ఒక్కటీ వినలేదు. నెట్ వేయించనే లేదు. ఏర్పాటు అయినట్టే అనుకో అన్నాను, నువ్వు అనుకున్నావు. మరదలు పట్టుకుంది, నువ్వు నన్ను వెనకేసుకొచ్చావు. గువ్వ అడిగినదేమిటో నాకు తెలియదు. పిల్లిపిల్లను పెంచుకుంటానంటుందేమో, మరదలికి పిల్లి బొచ్చు పడదు గనుక అమ్మ వద్దంటుందేమో అనుకున్నాను. ఒక పిల్లికి ఆమేన్ అంటున్నాననుకుని రాశాను ఆ కాగితం. కూడికలో ఎవరైనా లేచి నోరు తెరవగానే, ఏం చెప్పబోతున్నారో వినకుండానే ఆమేన్ కొట్టే అలవాటు నాకు ఇరవై ఏళ్ళుగా ఉంది. అది నీ ఇంటి మీద పడింది.

మొక్కు గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్తాను. ఉచిత నెల అయిపోయాక రీఛార్జికి చెయ్యి ఆడలేదు. అది మామూలు లేమి, లోకంలో సగం మందికి ఉండేదే. నేను దాన్ని లేమిగా ఉంచలేదు. ముడతలన్నీ తీసి, మడత పెట్టి, సిద్ధాంతం చేసి కూడికలో పరిచాను. ఇంకొకటి ఉంది. ఆ ఉచిత నెలంతా నేను చేసిందేమిటో తెలుసా? వేరే ప్రసంగీకుల ప్రసంగాలు చూశాను. తెల్లకోటు వేసుకున్న ఒకాయనకు లక్షమంది శ్రోతలు. ఆయన చెప్పింది నాకంటే బాగుంది. కుళ్ళుకున్నాను తమ్ముడూ. నెట్ పోయినరోజు నాకు ఊపిరి వచ్చింది. ఇదీ నా పరిశుద్ధత.

యుద్ధానికి వెళ్తూ గెలిస్తే ఇంట్లోంచి మొదట ఎదురొచ్చేదాన్ని బలిస్తానని ఆవేశంలో నోటికొచ్చిన మొక్కు మొక్కి, ఇంటికి తిరిగొచ్చేసరికి కన్నకూతురే ఎదురొచ్చిన సేనాధిపతి కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ, "చూశారా, ఆ మనిషి తెలివి!" అని నవ్వించాను.

నీ ఉత్తరం శనివారం వచ్చింది. ఆదివారం కూడికలో నిలబడి మొత్తం చెప్పేశాను. అబద్ధం, అసూయ, పిల్లి, అన్నీ చెప్పాను. ఆరు నిమిషాల్లో అయిపోయింది, నా జీవితంలో అంత చిన్న ప్రసంగం లేదు. ఎవరూ ఆమేన్ అనలేదు. చివరికి మడత పెద్దమ్మ లేచి, "అయితే అమ్మా, రెండు నెలలుగా మా మనవరాలి మొహం చూడకుండా ఫోన్ బీరువాలో పెట్టుకున్నానే! దాని పళ్ళు ఊడి మళ్ళీ వచ్చాయట! ఎవరికి చెప్పుకోను?" అంది. కాపలా తాతయ్యకు డ్యూటీ మారిన కబురు ఫోన్లో వచ్చిందట, చూసుకోక రెండుసార్లు చీవాట్లు తిన్నాడు. నా మీద గౌరవంతో ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు. నేను అందరి కాళ్ళకూ దణ్ణం పెట్టాను. పెద్దమ్మ పెట్టనివ్వలేదు. "లే, లే, పిల్ల సంగతి చూడు ముందు" అంది.

నిన్న సోమవారం ఫోన్ షాపుకు వెళ్ళి నెట్ వేయించాను. ఆసుపత్రి వెనక మెట్ల కింద సిగ్నల్ దొరుకుతుంది. తిండి మానేసి అక్కడే కూర్చున్నాను. పిచ్చుకలు వాలినట్టు ఒకదాని వెనక ఒకటి టిక్కుటిక్కుమని వచ్చాయి. పదిహేను. షాపతనికి ఫోన్ చేసి అడిగాను, మా తమ్ముడి ఉత్తరాల లెక్కన ఇరవై ఆరు ఉండాలి కదా అని. "ముప్పై రోజులు దాటితే ఉండవమ్మా, చెరిగిపోతాయి" అన్నాడు.

మొదటి పదకొండు పోయాయి తమ్ముడూ. గువ్వ నాతో చెప్పిన మొదటి పదకొండు రోజుల మాటలు ఇంక ఎక్కడా లేవు.

మిగిలిన పదిహేనూ విన్నాను. ఒక్కోటి మూడు, నాలుగు నిమిషాలు. రెండోదే ఆ ప్రశ్న. "అ… అత్తా, నేను మాట్లాడితే అందరూ ఆగాలి. అ… అందరికీ ఆలస్యం. నేను మా… మా… మానేయనా?" అంది. ఆ 'మా' దగ్గర ఎంతసేపు ఆగిందంటే, పాత నేనైతే పది మాటలు అందించేదాన్ని. మెట్ల కింద కూర్చుని రెండు చేతులతో నా నోరు మూసుకున్నాను.

ఆరోదానిలో లిఫ్టు జోకు చెప్పింది. నువ్వు చెప్పిందే అయ్యుంటుంది, లిఫ్టు లోపలివాడు పైవాణ్ణి దేవుడనుకున్నాడట. చెప్పి ఆగింది. ఆ ఆగడం నత్తి కాదు. నేను నవ్వడానికి చోటు వదిలింది. మూడు సెకన్లు. నేను మూడు వారాల తర్వాత నవ్వాను, అక్కడే, ఏడుస్తూ.

చివరిది నా కాగితం అందిన సాయంత్రం పంపింది. "స… స… సరే అత్తా." అంతే. మరి ఇంకేమీ లేదు.

దానికి నా గొంతుతో జవాబు పంపాలని మొదలుపెట్టాను. మొదటిసారి పద్నాలుగు నిమిషాలు వచ్చింది. అందులో ధూపం వేయబోయి మూగవాడై బయటికొచ్చిన ముసలి యాజకుడు కూడా ఉన్నాడు. చెరిపేశాను. రెండోది తొమ్మిది నిమిషాలు. చెరిపేశాను. మూడోది పంపాను: "మానొద్దు గువ్వా. అత్త వినకుండా చెప్పింది. ఇప్పుడు విన్నాను." రెండు గీతలూ పడ్డాయి, అంటే మీ ఇంటికి చేరింది. కాని ఎవరూ తెరిచి వినలేదు. నీకు ఆరుసార్లు, మరదలికి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఇద్దరూ ఎత్తలేదు. నీ కోపం న్యాయమే. అది నా మీదే ఉంచు, ఎన్నేళ్ళైనా ఉంచు. దానివల్ల పిల్లకు ఆలస్యం కానివ్వకు.

మేడమ్ సిమెంటు అందని రాశావు. కొత్త మేడల్లో లిఫ్టులు బిగించేవాడివి, సిమెంటు నీకే నాకంటే బాగా తెలుసు. తడిగా ఉన్నప్పుడే గీత పడుతుంది. కనుక ఈ ఉత్తరం ఏ అంతస్తులో ఉండగా అందితే ఆ అంతస్తులోనే పని ఆపు. లోపల ఎంత పెద్ద లాయరు ఇరుక్కున్నా సరే, ఇంకొక మెకానిక్‌ను పిలిపించి ఇంటికి వెళ్ళు. ఆదివారం దాకా ఆగకు. మేడమ్ దగ్గరికి వెళ్ళే రోజు దాకా ఆగకు. కింది మాటలు గువ్వకు చదివి వినిపించు.

గువ్వా, ఇది అత్త.

ఆ కాగితం చించెయ్. అది నీకు రాసింది కాదు, నీ మాట వినని ఒక పొగరుబోతు మనిషి రాసింది. నువ్వు అందరినీ ఆపడం లేదు తల్లీ. అందరూ ఆగాల్సిన చోటే నువ్వు మాట్లాడుతున్నావు. నా ఇరవై ఏళ్ళ ప్రసంగాల్లో ఎవరూ నాకు మూడు సెకన్ల చోటు వదిలి నవ్వమనలేదు, నేనూ ఎవరికీ వదల్లేదు. అది నువ్వు నేర్పావు.

నెట్ ఉంది. ఫోన్ ఒళ్ళో ఉంది. ఈ ఉత్తరం నీకు చేరేదాకా లాండ్రీలో సెలవు చెప్పాను, మెట్ల కిందే కూర్చున్నాను. నోరు మూసుకున్నాను, నిజంగా, పెద్దమ్మను పక్కన కాపలా పెట్టుకున్నాను. ఒక్క మాట చాలు. ఏ మాటైనా సరే. 'మ' దగ్గర ఆగిపోతే ఆగిపో, ఎంతసేపైనా ఆగు, నేను అందించను. సాయంత్రం అయ్యాక కాదు, రేపు బడి నుంచి వచ్చాక కాదు. నాన్న ఈ వాక్యం చదవడం పూర్తిచేయగానే అమ్మ ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళు, బొత్తాం నొక్కు, నోరు తెరువు. ఈ రోజే గువ్వా, ఇప్పుడే!